ఒక జోడు చెప్పుల వెల



మన యౌవనస్థుల మధ్య ఒక వాదం తరచుగా వినబడుతున్నది. పెద్దలకు అది పిల్లకాయల మాటగా తోచవచ్చు. పేరుపొందిన బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ పేరు మీద తయారయ్యే బూట్లను కంపెనీవారు కావాలని కొద్ది జతలే విడుదల చేయడం న్యాయమా, కాదా అన్నదే ఆ వాదం. అమెరికాలో ఉన్న మన బిడ్డల ఇళ్ళలోనూ, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న వారి గదులలోనూ ఇది సాగుతున్నది. సెలవులకు బళ్ళారి వచ్చినప్పుడు అన్నం ముందు కూర్చుని కూడా వాదించుకుంటున్నారు. బూట్లను సేకరించి, డబ్బాలు కూడా విప్పకుండా దాచుకొనేవారు మన కుటుంబాలలోనే ఉన్నారంటే కొందరు పెద్దలు నమ్మకపోవచ్చు. నవ్వి ఊరుకోదగిన సంగతి కాదిది. పాదరక్షలను గూర్చిన ప్రశ్న మన సంఘాలకు కొత్తది కాదు.

ముందుగా సంగతి ఏమిటో చెప్పుకుందాం. 1984లో నైకీ కంపెనీ మైకేల్ జోర్డాన్ అనే కొత్త ఆటగానితో ఒప్పందం చేసుకొన్నది. అతని పేరు పెట్టిన బూట్లు 1985 ఏప్రిల్‌లో 65 డాలర్లకు అంగళ్ళలోకి వచ్చాయి. మొదటి కొన్నేళ్ళలో 30 లక్షల డాలర్ల అమ్మకం జరిగితే చాలునని కంపెనీ ఆశించగా, మొదటి సంవత్సరమే 12 కోట్ల 60 లక్షల డాలర్ల అమ్మకం జరిగింది. రంగు నియమాలకు విరుద్ధమని ఆటల సంస్థవారు అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరాన్నే కంపెనీ ప్రకటనగా మార్చుకొన్నది. వద్దన్నదాని మీదనే మనసు పోతుందని ఏదెను తోట కాలం నుండి తెలిసిన సంగతే గదా!

తరువాతి కాలంలో వ్యాపారం మరొక మలుపు తిరిగింది. పాత నమూనాలను మళ్ళీ తయారుచేసి, ఒక తేదీ ముందుగా ప్రకటించి, కావలసినవారికంటె చాలా తక్కువ జతలు విడుదల చేయడం మొదలైంది. 2011 డిసెంబరు 23న జోర్డాన్ పదకొండవ నమూనా 180 డాలర్లకు విడుదలైనప్పుడు అమెరికాలోని అనేక పట్టణాలలో అర్ధరాత్రినుండే జనం తోసుకొన్నారు. సియాటిల్ దగ్గర పోలీసులు జనం మీద మిరియపు మందు చల్లవలసి వచ్చింది. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు జరిగిన సంగతి ఇది. అంతకు చాలా ముందే, 1990 మే నెలలో, స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక బూట్లకోసం పిల్లలు ప్రాణాలు తీసుకొనే దుస్థితిని ముఖచిత్రంగా వేసింది. ఇప్పుడు వరుసలు చాలా వరకు ఫోనులోకి మారాయి. పేరు నమోదు చేసుకొంటే చీటీ తీసినట్లు కొందరికి దక్కుతుంది. మనుషులకంటె వేగంగా కొనే కంప్యూటర్ ప్రోగ్రాములు పెట్టుకొని వందల జతలు చేజిక్కించుకొనే దళారులు వేరే ఉన్నారు. 2016లో మొదలైన స్టాక్ఎక్స్ వంటి బజారులలో బూట్ల ధర షేర్ల ధరలా రోజూ ఎక్కి దిగుతుంది. 2021 మార్చిలో నైకీ ఉత్తర అమెరికా విభాగపు ముఖ్య అధికారిణి ఒకరు రాజీనామా చేశారు. తన కుమారుడు ఇలాంటి బూట్లను పెద్ద ఎత్తున కొని తిరిగి అమ్మే వ్యాపారం చేస్తున్నాడని అంతకు కొద్ది రోజుల ముందే పత్రికలో వచ్చింది.

ఇక మన పిల్లల వాదానికి వద్దాం. ఒక పక్షం వారు, వస్తువు కంపెనీది, ఎన్ని చేయాలో వారి ఇష్టం అంటారు. సండేస్కూలు బాగా చదివినవారు ద్రాక్షతోట యజమాని ఉపమానం కూడా ఎత్తుతారు, తన సొత్తును తన ఇష్టం వచ్చినట్లు చేసుకొనే హక్కు అతనికి లేదా అని. మంచి ప్రశ్నే. అయితే ఆ యజమాని తన హక్కును ఎందుకు వాడుకొన్నాడో కూడా చూడాలి. ఆఖరి గంటలో వచ్చినవానికి ఎక్కువ ఇవ్వడానికి వాడుకొన్నాడు గాని, ఇవ్వగలిగినది బిగబట్టడానికి కాదు.

రెండవ పక్షం సేకరణదారులది. అందరికీ దొరికితే అందులో ఏముంది అని వారి ప్రశ్న. జోర్డాన్ బ్రాండువారు కొన్ని నమూనాలను ఇటీవలి సంవత్సరాలలో ఎక్కువగా వదలడంతో బయటి ధరలు అంగడి ధర దగ్గరకు దిగివచ్చాయి. ఇది చూసి మురిసిపోయినవారూ ఉన్నారు, మోసపోయామని బాధపడినవారూ ఉన్నారు. మూడవ పక్షం, వేసుకొని నడుద్దామని, ఆడుకొందామని కోరుకొని ఎన్నడూ చీటీలో పేరు రానివారు. వీరి గొంతు వాదంలో తక్కువగా వినబడుతుంది.

చీటీ పద్ధతి జూదమేనా అని ఒక పెద్దాయన అడిగారు. ప్రవేశానికి డబ్బు కట్టనప్పుడు అది జూదం కాదని నా అభిప్రాయం. అపొస్తలులు కూడా చీట్లు వేశారు. చిక్కు చీటీలో లేదు. చీటీ వేయవలసిన అవసరాన్ని ఎవరు కల్పించారన్నదే చిక్కు.

కొరతను కల్పించడం అంటే ఏమిటో ఈ బళ్ళారి సీమకు ఒకరు చెప్పవలసిన పని లేదు. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి ఒకటి. వానలు లేకపోవడం దేవుని చేతిలో ఉన్న సంగతి. కాని ధర ఇంకా పెరుగుతుందని గాదెలలో ధాన్యాన్ని బిగబట్టిన వర్తకుల పని మనుష్యుల చేతిలోనిది. అప్పటి మద్రాసు ప్రభుత్వం తానే ధాన్యం కొని నిల్వ చేయబోతే, వర్తకంలో జోక్యం కూడదని పైప్రభుత్వం అభ్యంతరపెట్టింది. ఆ కరువులోనే ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని మనవారికి కూలి కల్పించారు. కరువు తగ్గిన తరువాత 1878 జూలై 3న ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘచరిత్రలో ఆ దినాన్ని ఎరుగనివారు లేరు. ధాన్యం బిగబట్టినవానిని జనులు శపిస్తారని సామెతల గ్రంథం పదకొండవ అధ్యాయంలో చదివినప్పుడు ఆనాటివారికి వ్యాఖ్యానం అక్కర లేకపోయి ఉండాలి.

అయితే బూట్లు ధాన్యం కావు. జోర్డాన్ బూట్లు దొరక్క ఎవరూ ఆకలితో చావరు. కనుక సామెతల గ్రంథంలోని ఆ మాటను తెచ్చి ఈ కంపెనీ నెత్తిన పెట్టడం తొందరపాటే అవుతుంది. ప్రసంగాలలో మనం కొన్నిసార్లు ఇలాంటి తొందరపాటు చేస్తాము. విలాసవస్తువును కొద్దిగా చేయడం పాపమైతే, పట్టుచీర నేసే ప్రతి నేతగాడూ పాపియే కావాలి.

మరి ఇంకేమి తప్పు ఉన్నది?

ఇక్కడ ఆడమ్ స్మిత్ అనే స్కాట్లండు పండితుడు 1776లో అచ్చయిన తన అర్థశాస్త్ర గ్రంథంలో వ్రాసిన ఒక సంగతి ఉపయోగపడుతుంది. అవసరం అంటే ప్రాణం నిలబెట్టేది మాత్రమే కాదు, అది లేకుండా నలుగురిలోకి రావడానికి మర్యాదస్తుడైన బీదవాడు సిగ్గుపడవలసి వచ్చేది కూడా అవసరమేనని అతని భావం. అతడు ఇచ్చిన ఉదాహరణలలో ఒకటి తోలుబూట్లు! ఆ కాలపు ఇంగ్లండులో బీద స్త్రీ పురుషులిద్దరికీ అవి అవసరమట. స్కాట్లండులో పురుషులకు అవసరం గాని బీద స్త్రీలకు కాదట. ఫ్రాన్సులో ఇద్దరికీ కాదట. అంటే చెప్పు అవసరమా విలాసమా అన్నది కాలు నిర్ణయించదు, వీధి నిర్ణయిస్తుంది.

వీధి సంగతి మనకు స్మిత్ కంటె బాగా తెలుసు. మన తెలుగు బాప్టిస్టు సంఘాలలో అధిక భాగం కుటుంబాలు మాదిగపల్లెలనుండి వచ్చినవి. తొలి విశ్వాసులలో ముఖ్యుడైన తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్యగారు తోలు వ్యాపారం ఎరిగినవారే. క్లౌ దొరగారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు 1899లో మన పెద్దలను గూర్చి ఇంగ్లీషులో ప్రచురించిన పుస్తకానికి చెప్పులు కుట్టుచుండగా అని అర్థం వచ్చే పేరు పెట్టారు. లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో పదునుచేసి, రంపెతో కోసి, ఆరెతో కుట్టి, ఊరందరి కాళ్ళకు చెప్పులు, పొలాలకు మోట తోలు సమకూర్చింది మన తాతలే. అందుకు ప్రతిఫలంగా కళ్ళం దగ్గర మేరగా కొంత గింజ దక్కేది. కాని తాము కుట్టిన చెప్పులే తాము తొడుక్కొని పెద్దవారి వీధిలో నడిచే వీలు అనేక గ్రామాలలో లేకపోయింది. వీధి మొదట విడిచి, చేతబట్టుకొని, వీధి దాటిన తరువాత తొడుక్కోవాలి. ఈ ఆచారం సరిహద్దుకు ఇవతలా ఉన్నది, అవతలా ఉన్నది. 1953 అక్టోబరు 1న బళ్ళారిని మైసూరులోను, ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలను ఆంధ్రలోను కలిపినప్పుడు పటం మారింది గాని వీధి మారలేదు.

ఆ దొరగారి కిర్రుచెప్పుల విలువ ఎక్కడ ఉండేది? తోలులోనా, కుట్టులోనా? అవి కుట్టినవానికి తెలుసు తోలు ఏపాటిదో. చెప్పు కిర్రుమని చప్పుడు చేస్తే పక్కకు తొలగే వట్టికాళ్ళు వీధిలో ఉండాలి. అప్పుడే ఆ చప్పుడుకు గౌరవం. ఇతరుల కాళ్ళకు లేకపోవడమే ఆ చెప్పుల వెల.

ఈ మాట ఒక యువకునితో అన్నాను. అతడు బెంగళూరులో పనిచేస్తున్నాడు, మూడు జతల జోర్డాన్ బూట్లు దాచుకొన్నవాడు. అతడు ఇచ్చిన జవాబు నాకు మరపు రాదు. “అంకుల్, మా తాత చెప్పులు చేతబట్టుకొని నడిచిన వీధిలోనే నేను ఈ బూట్లు వేసుకొని నడిచాను. అంగట్లో దొరికే మామూలు బూట్లయితే ఎవరూ చూసేవారు కారు. దొరకనివి కాబట్టే చూశారు. నూరేళ్ళు మా వట్టికాళ్ళు చూశారు గదా, ఇప్పుడు ఇవి చూడనివ్వండి!” అన్నాడు.

దీనిని అహంకారం అని కొట్టివేయడానికి నాకు నోరు రాలేదు. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు తండ్రి తెప్పించినవాటిలో ప్రశస్తవస్త్రంతోపాటు చెప్పులు కూడా ఉన్నాయి. దాసుడుగా ఉంటానని వచ్చినవానికి కాళ్ళకు జోడు తొడిగించి, నీవు కుమారుడవు అని చెప్పాడు తండ్రి. కాళ్ళకు గౌరవం కోరుకోవడం తప్పని చెప్పే అధికారం, ముఖ్యంగా మన పిల్లలకు చెప్పే అధికారం, ఎవరికీ లేదు.

అయినా అతనిని ఒక ప్రశ్న అడిగాను. ఈ కొరత వలన ఇప్పుడు వెలుపల నిలిచినది ఎవరు? దొరగారి మనుమడు కాదు. అతనికి చీటీ రాకపోతే ఎంత ధర అయినా పెట్టి బయట కొనుక్కొంటాడు. వెలుపల నిలిచినది మన యౌవనస్థుల కూడికలో వెనుక బల్లమీద కూర్చొనే కుర్రవాడు. జీన్స్ కుట్టే తల్లి కొడుకు. ఆ బూట్లవైపు చూసి, తన కాళ్ళు బల్ల కిందికి లాక్కొనేది అతడే. దొర కంటిలో పడాలని తొడిగినది తమ్ముని కంటిలో పడుతున్నది. యువకుడు కొంచెంసేపు ఊరకున్నాడు. ఒప్పుకొన్నాడని చెప్పను. ఆలోచిస్తానన్నాడు.

కొరత అంతా ఒకటే కాదు. చేతికి ఉండే కొరత ఒకటి, చేసిన కొరత ఒకటి. పన్నెండవ శతాబ్దపు కల్యాణంలో సమగార హరళయ్య అనే శివశరణుడు ఉండేవాడని ఈ కన్నడ సీమలో ప్రతివారికి తెలుసు. బసవన్న మీది భక్తితో అతడూ భార్యా తమ తొడల చర్మంతో చెప్పులు కుట్టి తెచ్చారనీ, బసవన్న వాటిని కాళ్ళకు తొడుక్కొనక తలమీద పెట్టుకొన్నాడనీ వారి సంప్రదాయం చెబుతుంది. మన మతం వేరు, అయినా చెప్పులు కుట్టినవాని బిడ్డలు ఆ కథ వింటే కదిలిపోక తప్పదు. అటువంటి జోడు లోకంలో ఒక్కటే ఉంటుంది, రెండవది చేయడం ఎవరి తరమూ కాదు. అలాగే జోర్డాన్ 1998 ఫైనల్సులో ఒక ఆట ఆడినప్పుడు తొడిగిన బూట్లు 2023 ఏప్రిల్‌లో వేలంలో 22 లక్షల డాలర్లకు పోయాయి. ఆ ధర చూసి తల తిరుగుతుంది గాని, ఎవరినీ అన్యాయం అనలేము. ఆ ఆట ఒక్కసారే జరిగింది, ఆ జత ఒక్కటే ఉన్నది.

ఫ్యాక్టరీ బూట్ల సంగతి అలాంటిది కాదు. నెల్లూరు సీమలోని తడ దగ్గర, ఇప్పుడది తిరుపతి జిల్లా, అపాచి ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. వేలమంది పనిచేస్తారు, అత్యధికులు చుట్టుపక్కల పల్లెల ఆడపడుచులు. అలాంటి చోట యంత్రం ఇంకొక గంట తిరిగితే ఇంకా ఎన్నో జతలు వస్తాయి. లేనిది తోలు కాదు, చేయి కాదు, సమయం కాదు. లేకుండా చేయాలన్న తీర్మానం ఒక్కటే ఉన్నది. కుట్టిన చేతికి ఆ తీర్మానం వలన పైసా అదనంగా రాదు, బయటి బజారులో పెరిగిన ధర అంతా దళారిది. బళ్ళారి కౌల్ బజారులో జీన్స్ కుట్టే ఇండ్లకు వెళ్ళి చూడండి, అదే గుడ్డ, అదే కుట్టు, చీటీ మారితే ధర మారుతుంది. కుట్టుకూలి మాత్రం చీటీని చూసి పెరగదు.

కొలతుంచు చిన్నదిగా, తులం పెద్దదిగా చేసే వర్తకులను ప్రవక్తయైన ఆమోసు గద్దించాడు. బీదవారిని ఒక జోడు చెప్పులకు అమ్మివేస్తున్నారని ఒకసారి, కొంటున్నారని ఒకసారి ఆ గ్రంథంలోనే వస్తుంది. మనిషికి కట్టే వెల చెప్పుల దగ్గరకు దిగిపోయిందని ప్రవక్త మొర. ఇప్పుడు చెప్పుల వెల మనిషి దగ్గరకు ఎక్కిపోతున్నది. రెండింటిలోనూ త్రాసు ఒకటే.

ఇంతా చెప్పి తప్పంతా కంపెనీల మీద నెట్టడం కూడా నిజాయితీ కాదు. 2006లో స్టీఫన్ మార్బరీ అనే ఆటగాడు తన పేరుమీద బూట్లు తెచ్చాడు. ధర 14 డాలర్ల 98 సెంట్లు. ఒక్కొక్క జతకు నూరు డాలర్లకు పైగా పెట్టలేని తల్లులను తాను ఎరుగుదునని, తన బాల్యం అటువంటి ఇంటిలోనే గడిచిందని చెప్పాడు. అంగట్లో అమ్మే ఆ చవక బూట్లే తొడుక్కొని న్యూయార్కు జట్టు తరఫున ఆడాడు. చాలామంది కొన్నారు. అయితే చవక బూట్లని వెక్కిరించినవారూ కొరవ కాలేదు. వాటిని అమ్మే స్టీవ్ అండ్ బ్యారీస్ అంగళ్ళ సంస్థ 2008లో దివాలా తీసింది. కొరత ఒక వైపు నుండే తయారు కాదు. అందరికీ దొరికేదాన్ని మనమే తక్కువగా చూస్తే, కంపెనీ మన చూపునే మనకు తిరిగి అమ్ముతున్నది. బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినవానికి మంచి చోటు, మురికి బట్టలవానికి పాదపీఠం దగ్గర చోటు చూపే సంఘాన్ని యాకోబు భక్తుడు నిలదీశాడు గదా! క్రిస్మస్ ఆరాధనకు వచ్చేవారిని గుమ్మం దగ్గర నిలబడి ఎదుర్కొనే మనము మొదట చూసేది ముఖమా, కాళ్ళా?

ఈ వాదంలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది కోబీ బ్రయంట్ భార్య వెనెస్సాగారి సంగతి. 2020 జనవరి 26న కోబీ, పదమూడేళ్ళ కుమార్తె జియానాతో కూడ హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. ఆ తరువాత అతని పేరున్న బూట్ల ధర బయటి బజారులో విపరీతంగా పెరిగింది. కొరత ఎంత ఉంటే ఆ పేరుకు అంత గిరాకీ, లోకం లెక్కలో ఆ కుటుంబానికి అది లాభమే. కాని 2021 ఏప్రిల్‌లో ఆ ఒప్పందం గడువు తీరినప్పుడు దానిని వెంటనే పొడిగించలేదు. అతని బూట్లను చాలినన్ని విడుదల చేయడం లేదని ఆ కుటుంబం అసంతృప్తితో ఉన్నదని అప్పటి వార్తలు తెలిపాయి. అభిమానులకు దొరకాలని ఆమె కోరుకొన్నది. 2022 మార్చిలో మళ్ళీ ఒప్పందం కుదిరింది. ఆ వార్తలలో ఇంకొక ఫిర్యాదు కూడా ఉన్నది. చిన్నపిల్లల సైజులు చాలడం లేదని.